తండ్రికి అయిదు రోజుల పురుడు

ఖతర్‌లో పనిచేసిన ఆరేళ్లలో నేను ఒకే ఒక్క ఎన్నికలో గెలిచాను. పోటీ చేయలేదు, ఎవరినీ ఓటు అడగలేదు, ఆ రోజు ఎన్నిక జరుగుతోందని కూడా నాకు తెలియదు. డ్యూటీ దిగి, మెస్‌లో పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నాను. క్యాంప్ బాస్ వచ్చి, తెలుగువాళ్లలో ఇంగ్లీషు ఎవరికి వచ్చని హిందీలో అడిగాడు. నా ముందున్న ముగ్గురూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆయన నా ఐడీ నంబరు రాసుకుని, "ముబారక్, నువ్వు గెలిచావు" అని వెళ్లిపోయాడు. ఏం గెలిచానో మర్నాడు తెలిసింది. కార్మిక సంక్షేమ కమిటీలో నేను తెలుగువాళ్ల ప్రతినిధినట.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం దేశమంతా తవ్వి పోసి ఉన్న రోజులవి. ఒక స్టేడియం పనిలో మా కంపెనీది చిన్న కాంట్రాక్టు. మా పైన ఉన్న పెద్ద కాంట్రాక్టు యూరప్‌లోని ఒక చలిదేశపు కంపెనీది. నేను సైట్‌లో టైమ్‌కీపర్‌ని. ఎవరు ఎన్నింటికి గేటు దాటి లోపలికి వచ్చారో, ఎన్నింటికి బయటికి పోయారో రాయడం నా పని. కరీంనగర్ వైపు మా ఊరు. డిగ్రీ రెండో ఏడాదిలో వదిలేసి వచ్చాను కాబట్టి క్యాంప్‌లో నన్ను పండితుల్లో జమకట్టేవారు.

ఆ చలిదేశంలో పేపర్లు మా గురించి రాశాయట. ఎండలో పని, ఇరుకు గదులు, దాచిపెట్టిన పాస్‌పోర్టులు. అక్కడి యూనియన్ పట్టుబట్టింది. చివరికి కంపెనీ ఒక ఒప్పందం మీద సంతకం పెట్టింది. తమ దేశంలో తమ కార్మికులకు ఉన్న హక్కులు, ఎక్కడ పనిచేయించినా, కింది కాంట్రాక్టుల్లో ఉన్నవాళ్లకు కూడా 'వీలైనంత వరకు' ఇవ్వాలని. మా కమిటీ ఆ ఒప్పందంలోంచే పుట్టింది. 'వీలైనంత వరకు' అనే మాటలోంచి పుట్టింది మాత్రం నేను చెప్పబోయే కథ.

ఒక శుక్రవారం యూనియన్ తరఫున ఒకావిడ వచ్చింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. పొట్టి జుట్టు, మోచేతుల దాకా కాలిన మచ్చలు. యూనియన్ పనిలోకి రాకముందు ఓడలు కట్టే యార్డులో వెల్డింగ్ చేసేదట. ఆ మచ్చలు చూసి మా వెల్డర్లు ముందు వరుసలోకి జరిగారు. మెస్ హాల్లో పూలగుత్తి, నీళ్ల సీసాలు పెట్టారు. ఆవిడ ఒక పక్క, మా కంపెనీ హెచ్‌ఆర్ అధికారి ఒక పక్క, మధ్యలో అనువాదానికి నేను. హెచ్‌ఆర్ ఆయన కేరళ మనిషి. చెడ్డవాడు కాదు. ఏ కాగితం మీద సంతకం పెడితే తన ఉద్యోగం పోతుందో అన్న భయం తప్ప ఆయనలో వేరే లోపం నాకు కనిపించలేదు.

ఆవిడ తన దేశం గురించి చెప్పింది. జబ్బు చేస్తే జీతం ఆగదు. పని పోతే ఇంకో పని దొరికేదాకా సర్కారు చూసుకుంటుంది. ముసలితనంలో పింఛను. బిడ్డ పుడితే తల్లికి సెలవు, తండ్రికీ నెలల తరబడి సెలవు, జీతంతో.

చివరి మాట తెలుగులో చెప్పగానే హాలు కదిలింది. వెనక నుంచి ఒకతను లేచాడు.

"తండ్రికి సెలవెందుకు? ఆయనకేమైంది?"

నేను ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ నవ్వకుండా, "బిడ్డ ఆయనది కూడా కదా" అంది.

"అన్ని నెల్లు ఇంట్ల కూసుంటే ఫోర్‌మన్ ఊకుంటడా?" అని ఇంకొకతను.

"ఊరుకోకపోతే ఫోర్‌మన్ మీద కేసు వేయొచ్చు" అందావిడ.

ఈ జవాబుకి హాల్లో ఈలలు పడ్డాయి. అప్పుడు ముందు వరుసలోని ఒక పెద్ద వెల్డర్ చాలా గౌరవంగా చేతులు కట్టుకుని, "అమ్మా, ఇవన్ని మీ రాజు ఇచ్చిండా?" అని అడిగాడు.

ఆవిడ ముందుకు వంగింది. "ఎవరూ ఇవ్వలేదు. మా తాతలు, నాయనమ్మలు నెలల తరబడి సమ్మె చేసి తెచ్చుకున్నారు" అంది.

ఖతర్‌లో మాకు సమ్మె అంటే మర్నాటి విమానం టికెట్టు. హెచ్‌ఆర్ ఆయన నా మొహం వంకే చూస్తున్నాడు. తలుపు దగ్గర సెక్యూరిటీవాళ్లలో ఒకడు హైదరాబాద్‌వాడు, తెలుగు బాగా వచ్చు. నేను అన్నాను: "వాళ్ల తాతలు, నాయనమ్మలు కొన్ని నెల్లు పనికి పోకుండ ఇంట్ల కూసున్నరట. అప్పుడు ఇచ్చిన్రట."

"కూసుంటే ఇచ్చిన్రా!" అని వెల్డర్ ఆశ్చర్యపోయాడు. "మంచి సర్కారు."

ఆ అనువాదం నన్ను ఇప్పటికీ కుదుటపడనివ్వదు. ఒక దేశం మొత్తం చేసిన పోరాటాన్ని నేను ఒక్క వాక్యంలో కూర్చోబెట్టేశాను.

సభ చివర ఆవిడ, హెచ్‌ఆర్ ఆయన కలిసి ఒక ప్రకటన చేశారు. ఇకనుంచి బిడ్డ పుట్టిన ప్రతి కార్మికుడికీ అయిదు రోజులు జీతంతో సెలవు. నెలలు కాదు, అయిదు రోజులు. అదీ 'వీలైనంత వరకు'లో వీలైనంత. అందరూ చప్పట్లు కొట్టారు. నోటీసు నాలుగు భాషల్లో అంటించాలన్నారు. తెలుగు నోటీసు నా మీద పడింది.

ఆ సెలవును తెలుగులో ఏమనాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. ఆఖరికి, చదువుకున్నవాడు రాసినట్టు ఉండాలని 'పితృ సెలవు' అని రాసి, మెస్ తలుపు మీద అంటించాను.

మర్నాడు డ్యూటీ దిగేసరికి నా గది ముందు వరుస. మొదట నిలబడ్డాయన యాభై దాటినవాడు.

"మా నాయిన పోయి ఆరేండ్లాయె. ఇప్పుడు తీసుకోవచ్చా?"

నాకు అర్థం కాలేదు. వెనకాయన వివరించాడు. "పెత్రమాసకు పెద్దలకు బియ్యమియ్యాలె గదన్నా. దానికే గద ఈ సెలవు?" అప్పుడు వెలిగింది. పితృ అనగానే మావాళ్లకు పితృ అమావాస్య, పోయిన తండ్రులు గుర్తొచ్చారు. క్యాంప్‌లో తండ్రులు పోయినవాళ్లంతా వచ్చారు. ఒకతను తండ్రి మరణ ధ్రువపత్రం కూడా జిరాక్స్ తీసి తెచ్చాడు. వాళ్లకు నచ్చజెప్పి పంపేసరికి నా అన్నం చల్లారిపోయింది. తండ్రులు పోయినందుకు కాదు, తండ్రులు అయినందుకు ఈ సెలవని చెప్తే, ఒక్కొక్కరూ ఏదో అన్యాయం జరిగినట్టు మొహం పెట్టి వెళ్లారు.

నా గదిలోనే ఉండే పెద్దాయన ఒకరు ఇదంతా మంచం మీంచి చూస్తున్నారు. గోదావరి జిల్లా ఆయన, మా క్యాంప్ బస్సు నడిపేవారు. దస్తూరీ అచ్చు వేసినట్టు ఉండేది.

"ఏవయ్యా, పితృ గితృ అని గ్రాంథికం రాస్తే జనానికేం తెలుస్తుంది? తే, నేను రాస్తాను" అని, అట్ట మీద పెద్ద అక్షరాలతో రాశారు: 'బిడ్డ పుట్టిన తండ్రికి అయిదు రోజుల సెలవు.' నేను అలసటలో ఉండి సరేనన్నాను. అంటించేశాం.

వారం రోజులు ఎవరూ రాలేదు. ఆ తర్వాత ఒకరోజు, కాంక్రీటుకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్ ఒకతను సైట్‌లో నా క్యాబిన్ దగ్గరికి వచ్చి, హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. జగిత్యాల దగ్గరి పల్లెవాడు. ముప్పై లోపు వయసు. మాట తక్కువ, పని గట్టి. తొమ్మిది నెలల క్రితం సెలవు మీద ఊరికి పోయి వచ్చినవాడు.

"అన్నా, నాకు మొన్న మంగళారం కొడుకు పుట్టిండు" అన్నాడు.

"మంచి మాట చెప్పినవు తమ్మీ! మరి సెలవు పెట్టలేదేంది?"

"అదే అడుగుదామని. బిడ్డ పుడితేనే ఇస్తరట గద. కొడుకు పుట్టినోళ్లకు ఏం లేదా?"

నేను నుదురు కొట్టుకున్నాను. మా వైపు బిడ్డ అంటే కూతురు. కొడుకును ఎవరూ బిడ్డ అనరు. గోదావరి పెద్దాయనకు ఎవరు పుట్టినా బిడ్డే. తెలంగాణవాళ్లంతా ఆ నోటీసు చదివి, ఆడపిల్లల కోసం సర్కారు పెట్టిన పథకం అనుకున్నారు. ఈ సంగతి చెప్తే పెద్దాయన ఒప్పుకోలేదు. "మగపిల్లాడు మాత్రం బిడ్డ కాదా? అదేం తెలుగయ్యా మీది!" అన్నారు. మూడో నోటీసు నేనే రాశాను: 'కొడుకు పుట్టినా, బిడ్డ పుట్టినా...'

ఆ సాయంత్రమే అతను ఇంటికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పేశాడు. అతని వాళ్లు ఇరవై ఒకటో రోజున తొట్టెల పెట్టుకున్నారు, పిల్లాణ్ని ఉయ్యాల్లో వేసి పేరు పెట్టే వేడుక. సరిగ్గా సరిపోతుందని సంబరపడ్డాడు. నేనూ ఆపలేదు. సెలవంటే ఇంటికి పోవడమే కదా అనుకున్నాను. నాకూ తెలియలేదు.

హెచ్‌ఆర్ ఆఫీసు దోహాలోని అల్ సద్‌లో ఉండేది. ఇద్దరం బస్సులో వెళ్లాం. హెచ్‌ఆర్ ఆయన లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. మొదటి దరఖాస్తు ఇదేనని చాయ్ కూడా తెప్పించాడు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కాసేపటికి ఆయన మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది.

"ఇందులో తండ్రి సెలవు లేదు" అన్నాడు. "ఏడాది సెలవు ఉంది, జబ్బు సెలవు ఉంది, కుటుంబంలో చావు జరిగితే ఇచ్చే సెలవు ఉంది. కొత్తది చేర్చాలంటే ప్రోగ్రామ్ రాసినవాళ్లు చేర్చాలి. వాళ్లు జవాబివ్వరు." కాసేపు ఆలోచించి, "చావు సెలవు సరిగ్గా అయిదు రోజులే. ఇందులో పెడదాం" అన్నాడు.

నొక్కాడు. వెంటనే తెర మీద ఒక గడి తెరుచుకుంది. చనిపోయిన వ్యక్తితో సంబంధం ఏమిటి? ఆయన 'కొడుకు' అని కొట్టి, ప్రింటు తీసి, సంతకం పెట్టమని అతని ముందు పెట్టాడు.

"ఏం రాసున్నదన్నా?" అని అతను నన్ను అడిగాడు.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. చెప్పగానే కుర్చీ వెనక్కి తోసి లేచాడు. అంత మెత్తటి మనిషి గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

"పురిటి గుడ్డు సార్ వాడు! పుట్టి పది దినాలు కాలే. సచ్చినోని కాయితంల రాస్తరా?"

మాట అర్థం కాకపోయినా హెచ్‌ఆర్ ఆయనకు విషయం అర్థమైంది. తనూ పిల్లలు ఉన్నవాడే. కాగితం చించి, చించిన ముక్కల్ని మళ్లీ చించాడు. తప్పయిపోయిందని హిందీలో రెండుసార్లు అన్నాడు. ఇక మిగిలింది జబ్బు సెలవు. దానికి క్లినిక్ కాగితం ఉంటే చాలు.

క్యాంప్ క్లినిక్ డాక్టరు ముందు నేను విషయమంతా చెప్పాను. ఆయన చాలా ఓపిగ్గా విన్నాడు. "అంతా బాగానే ఉంది, కానీ జబ్బు పేరు రాయకుండా నేను సెలవు రాయకూడదు. ఇతనికి ఏమైంది?" అన్నాడు.

"కొడుకు పుట్టాడు."

"అది జబ్బు కాదు."

"మరేం రాస్తారు?"

డాక్టరు కలం చేతిలో తిప్పుతూ కిటికీలోంచి బయటికి చూశాడు. బయట ఇంకో నలభై మంది వరుసలో ఉన్నారు. జబ్బు అన్న చోట 'కాన్పు' అనీ, సలహా అన్న చోట 'అయిదు రోజుల విశ్రాంతి' అనీ రాసి ముద్ర వేశాడు.

ఆ కాగితం పట్టుకుని మేం ఎగ్జిట్ పర్మిట్ అడగడానికి పోయాం. అప్పటి చట్టం ప్రకారం, దేశం దాటాలంటే కంపెనీ సంతకం పెట్టిన పర్మిట్ ఉండాలి. హెచ్‌ఆర్ ఆయన మమ్మల్ని వింతగా చూశాడు.

"ఎగ్జిట్ రెండేళ్లకు ఒకసారి వచ్చే ఏడాది సెలవుతోనే. ఇది జబ్బు సెలవు. జబ్బు సెలవులో ఉన్నవాడు క్యాంప్ దాటి బయటికే పోకూడదు, దేశం ఎలా దాటుతాడు?"

అతను నా మొహం చూశాడు. నేను నోటీసు రాసినవాణ్ని. ఆ చూపును తప్పించుకోవడానికి నేను ఆ కాగితంలో లేని అక్షరాలు కూడా చదివాను.

అలా మా క్యాంప్‌లో ఒక తండ్రికి మొదటిసారి సెలవు దొరికింది. గేటు దగ్గర అతని కార్డు తీసుకున్నారు. అయిదు రోజులు గదిలోనే ఉండాలి. రోజూ పొద్దున క్యాంప్ బాస్ వచ్చి, మంచం మీద ఉన్నాడో లేదో చూసి టిక్ పెట్టుకునేవాడు. డాక్టరు కాగితంలోని మాట ఎలా పొక్కిందో పొక్కింది. మధ్యాహ్నానికల్లా మూడు బ్లాకుల్లో తెలుగువాళ్లందరికీ అతను బాలింత.

గోదావరి పెద్దాయన అయితే బస్సు ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య వచ్చి మరీ సేవ చేశారు. తలకు తువ్వాలు కట్టారు. చెవుల్లో దూది పెట్టారు. "బాలింతకి చలిగాలి తగలకూడదు, ఏసీ ఆపండర్రా" అన్నారు. ఖతర్ ఎండల్లో ఏసీ ఆపితే ఆ గదిలో మిగతా ఏడుగురూ ఏమవుతారో ఆలోచించలేదు. శొంఠి ఎక్కడి నుంచి తెచ్చారో తెలియదు, నెయ్యితో కలిపి ముద్దలు పెట్టారు. "పులుపు తినకూడదు నాయనా, పిల్లాడికి పడదు" అని సాంబారు గిన్నె అతని ముందు నుంచి తీసేశారు. అతను కూడా మొదటి రోజు నవ్వాడు. ఆ రోజంతా పడుకున్నాడు. ఖతర్ వచ్చాక కంటి నిండా నిద్రపోయింది అప్పుడేనట.

రెండో రోజు ఇంటికి వీడియో కాల్ చేశాడు. క్యాంప్‌లో నెట్ నిలకడగా ఉండదు. పిల్లాడి నుదురు కనిపిస్తే మూతి కనిపించేది కాదు, ఏడుపు వినిపిస్తే మొహం ఆగిపోయేది. డ్యూటీలో ఉంటే రోజుకు ఒకసారి చేసేవాడు. ఇప్పుడు గంటకొకసారి చేశాడు. భార్య పాలిచ్చేటప్పుడు, నీళ్లు పోసేటప్పుడు, నిద్రపోయేటప్పుడు.

మూడో రోజు నేను డ్యూటీ దిగి అతని గదికి వెళ్లేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తువ్వాలు తీసేశాడు.

"అన్నా, నాకీ సెలవొద్దు. రేపటి సంది డ్యూటీకి పంపియ్యి."

"ఇంకో రెండు దినాలే గద."

"పనిమీద ఉంటె యాదికి రాదన్నా. ఈడ పండుకుంటె వాని ఏడుపే ఇనవడ్తుంది. ఏం జేయాలె?"

నేను హెచ్‌ఆర్ ఆయనకు ఫోన్ చేశాను. ఆయన చాలా గంభీరంగా చెప్పాడు. ఇచ్చిన సెలవు వెనక్కి తీసుకోవడం కుదరదట. "అది అతని హక్కు. హక్కు వద్దనే హక్కు అతనికి లేదు. యూరప్‌వాళ్లు ఆడిట్‌లో నన్ను అడుగుతారు." పైగా మర్నాడు ఫొటో తీసేవాళ్లు వస్తున్నారని, అతణ్ని గడ్డం గీసుకోమనమని చెప్పాడు.

నాలుగో రోజు పెద్ద కంపెనీ నుంచి ఫొటోగ్రాఫర్ వచ్చాడు. వెంట హెచ్‌ఆర్ ఆయన. తండ్రీ బిడ్డా కలిసి ఉన్న ఫొటో కావాలన్నారు. పిల్లాడు జగిత్యాల దగ్గర ఊళ్లో ఉన్నాడని నేను చెప్పాను. అయితే ఫోన్ తెర మీద బిడ్డ కనిపిస్తుండగా తీద్దామన్నారు. అతను కాల్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. పిల్లాడికి సూది మందు వేయించడానికి దవాఖానకు పోయారు, ఫోన్ ఇంట్లో ఉండిపోయింది. అరగంట చూశారు. ఫొటోగ్రాఫర్‌కి ఇంకా మెసయీద్‌లో పని ఉంది. చివరికి హెచ్‌ఆర్ ఆయన తన ఫోన్‌లో ఒక పాప ఫొటో తెరిచి అతని చేతిలో పెట్టాడు. గులాబీ రంగు గౌను, నెత్తిన రిబ్బను.

"ఎవలన్నా ఈ పొల్ల?" అన్నాడతను.

"సారు చెల్లెలి కూతురట."

"నాకు పుట్టింది కొడుకు గద?"

ఈ మాట నేను అనువదించబోతుండగానే ఫొటో తీసేశారు. మొహంలో ఆ ఆశ్చర్యం వాళ్లకు ఆనందంలా కనిపించింది.

ఆ ఫొటో కంపెనీ పత్రికలో పడింది. దాన్ని అతని గదిలోవాడే ఒకడు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మర్నాడు నాకు ఇండియా నుంచి ఫోన్. అతని భార్య. ఎప్పుడూ నాతో మాట్లాడిన మనిషి కాదు.

"అన్నా, ఉన్నదున్నట్టు చెప్పు. ఆయినెకు దుబాయ్‌ల ఇంకో సంసారమున్నదా?" మా ఊళ్లలో గల్ఫ్ దేశం ఏదైనా దుబాయే.

"అయ్యో, లేదు చెల్లె! ఆ పాప మా హెచ్‌ఆర్ సార్ చెల్లె బిడ్డ."

"సార్ చెల్లెతోటి ఈనకేం పని?"

నేను మొదటినుంచీ చెప్పుకొచ్చాను. యూరప్, యూనియన్, కంప్యూటర్ అన్నీ చెప్పి, చావు సెలవు మాత్రం దాటేసి, కాన్పు కాగితం దాకా. ఆమె మధ్యలో ఊ కొడుతూ విన్నది. అంతా అయ్యాక అడిగింది: "అంటే సెలవిచ్చిన్రు. ఇచ్చి, రూమ్‌ల పెట్టి తాళమేసిన్రు. అంతేనా?"

"తాళం వెయ్యలేదు చెల్లె..." అన్నాను. లోకమంత కథను ఆమె ఒక్క ముక్కలో సరిగ్గా అనువదించింది. నాకు అది చేతకాలేదు.

తొట్టెల అతను లేకుండానే జరిగింది. ఫోన్ పిల్లాడి చెవి దగ్గర పెడితే పేరు చెప్పాడు. మూడోసారికి నెట్ పోయింది. సైట్‌లో మూడో అంతస్తు మీద నిలబడి, ఆగిపోయిన ఫోన్‌లోకి అదే పేరు ఇంకో రెండుసార్లు చెప్పి, జేబులో పెట్టుకుని, సుత్తి తీసుకున్నాడు.

నాలుగు నెలలకు యూనియన్ ఆవిడ మళ్లీ వచ్చింది. కమిటీ సమావేశంలో హెచ్‌ఆర్ ఆయన ఆ ఫొటోను పెద్దది చేసి గోడకు పెట్టాడు. ఆవిడ చాలా సంతోషపడి, పాప ఇప్పుడెలా ఉందని అడిగింది. ఈసారి నేను దేన్నీ కూర్చోబెట్టలేదు. ఆ పాప ఎవరో, సెలవు ఎలా ఇచ్చారో, అతను ఆ అయిదు రోజులు ఎక్కడున్నాడో, అన్నీ చెప్పాను. డాక్టరు కాగితం నకలు ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని చదివి మొదట గట్టిగా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

ఆ మధ్యాహ్నమంతా ఆవిడకూ కంపెనీలకూ వాదన నడిచింది. సాయంత్రానికి ఒక కొత్త నియమం ఒప్పుకున్నారు. తండ్రి సెలవుకు ఏడాది సెలవులోంచి పది రోజులు కలుపుతారు, ఎగ్జిట్ పర్మిట్ ఇస్తారు, టికెట్టు పెద్ద కంపెనీ ఇస్తుంది. మొదటి పేరు మా కార్పెంటర్‌దే ఉండాలని ఆవిడ అంది.

హెచ్‌ఆర్ ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒక బిడ్డకు ఒక్కసారే. ఆయన వాడేసుకున్నారు."

నాకు ఎక్కడి నుంచి తట్టిందో తెలియదు. ఏళ్ల తరబడి గేటు రిజిస్టరు రాసినందుకేమో. "లేదు సార్" అన్నాను. "మీ కంప్యూటర్‌లో ఆయన తీసుకున్నది జబ్బు సెలవు. జబ్బు, కాన్పు. తండ్రి సెలవు ఆయన ఒక్క రోజు కూడా తీసుకోలేదు."

"మగవాడికి కాన్పు ఎలా అవుతుంది?"

"అది మీ డాక్టరునే అడగాలి సార్. ముద్ర ఉంది."

గదిలో అందరూ కాగితం వైపు చూశారు. హెచ్‌ఆర్ ఆయన నా వైపు చూసి, పెదవి కొరుక్కుని, చివరికి తనూ నవ్వేశాడు. ఆ నవ్వులో, తన సంతకం తప్పు కాకుండా గట్టెక్కిన మనిషి ఊరట కనిపించింది. ఫైల్ మీద 'అర్హుడు' అని రాశాడు.

అతను వెళ్లేసరికి పిల్లాడికి అయిదో నెల. నేనే విమానాశ్రయం దాకా పోయాను. రెండు రోజుల ముందే సామాను కట్టేసుకున్నాడు. పదిహేను రోజులకు తిరిగి వచ్చాడు. పిల్లాడు ఎలా ఉన్నాడని అడిగితే, "బరువున్నడన్నా" అన్నాడు. చెయ్యి వంచి చూపించాడు, ఇంత అని. ఆ రోజు షిఫ్టులో రెండు మూడుసార్లు ఆ చెయ్యి అలాగే వంచి పెట్టుకుని నిలబడడం నేను చూశాను.

ఆ నియమం కింద ఇంకో ఇద్దరే పోగలిగారు. ఏడాది తిరక్కముందే మా కాంట్రాక్టు అయిపోయింది. దానితో ఆ నియమం కూడా పోయింది. స్టేడియం మా తర్వాత ఎవరో పూర్తి చేశారు. మేం చాలామందిమి ఇంకో కంపెనీకి మారాం. అక్కడా కమిటీ ఉంది, అక్కడా ఎన్నికలు పెట్టారు. ఈసారి నిజంగా పెట్టెలో చీటీలు వేశారు. తెలుగువాళ్ల తరఫున నిలబడింది మా కార్పెంటర్. ఇంగ్లీషు రాదు, హిందీ సగమే. ప్రచారం కూడా చేయలేదు. అయినా గెలిచాడు.

మొదటి సమావేశానికి నన్ను అనువాదానికి తీసుకుపోయాడు. కొత్త హెచ్‌ఆర్ మేనేజరు, మీకేమైనా సమస్యలున్నాయా అని నవ్వుతూ అడిగాడు. అతను జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. పై అంతస్తుల్లో మంచినీళ్లు లేవని మొదలుపెట్టి, ఒక్కొక్కటీ చదివాడు. చదివి నా వైపు తిరిగి, "అన్నా, నేనెట్ల చెప్పిన్నో అట్లనే చెప్పు" అన్నాడు.

అలాగే చెప్పాను.